పల్ప్ ఫ్యాక్టరీ చిమ్నీ తనిఖీ: ఏం కనిపిస్తే ఏం చేయాలి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి పల్ప్ ఫ్యాక్టరీల బాయిలర్లు తోతాపురి కాయ వచ్చే కొద్ది నెలలే గట్టిగా నడుస్తాయి. కాయ దిగేముందు మే నెలలో ఒకసారి చిమ్నీ చూసుకుంటే చాలనుకుంటారు చాలామంది. అప్పటికే ఆలస్యం. ఉక్కు చిమ్నీని తుప్పు ఎక్కువగా తినేది అది ఖాళీగా నిలబడ్డ నెలల్లో. అందుకే తనిఖీ రెండుసార్లు పెట్టుకోవాలి: సీజను ముగిసిన వారంలోనే ఒకటి, ఫిబ్రవరిలో ఇంకొకటి. ఏప్రిల్‌లో లోపం బయటపడితే ప్లేటు తెప్పించి, క్రేను మాట్లాడి మార్చే వ్యవధి ఉండదు.

పైభాగంలో పెయింటు పొంగింది, జాయింట్ల నుంచి గోధుమరంగు చారలు దిగుతున్నాయి

బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ వాడేచోట ఇంధనంలోని గంధకం కాలి పొగలో ఆమ్లపు ఆవిరి చేరుతుంది. ప్లేటు వేడి సుమారు 120–150 డిగ్రీల కంటే పడిపోయిన చోట ఆ ఆవిరి ద్రవమై గోడకు పడుతుంది. పైకి వెళ్లేకొద్దీ పొగ చల్లారుతుంది కనుక చివరి మూడు మీటర్లు ముందుగా దెబ్బతింటాయి. బాయిలర్ ఆపాక లోపల మిగిలిన మసి గాలిలో తేమ పీల్చుకుని, ఆమ్లపు బురదలా ప్లేటును అంటిపెట్టుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు దానికి తోడు.

చారలు చూసి పెయింటు వేయించడం తప్పు. ముందు అల్ట్రాసోనిక్ గేజితో (శబ్ద తరంగాలతో ప్లేటు మందం చెప్పే పరికరం) మందం కొలవండి. ప్రతి రింగులో (ప్లేటును గుండ్రంగా వంచి ఒకదానిమీద ఒకటి అతికిన భాగం) నాలుగు దిక్కులా, వెల్డింగ్ అతుకుల పక్కన, బాయిలర్ నుంచి వచ్చే పొగ గొట్టం కలిసేచోట రీడింగు తీయాలి. మామూలు గేజిని పెయింటు మీద పెడితే అసలు కంటే ఎక్కువ మందం చూపిస్తుంది, అందుకే ఆ చోటును గీకి, జెల్ రాసి కొలవాలి. గుంటలు పడిన చోట సగటు కాదు, అన్నిటికన్నా తక్కువ రీడింగే లెక్క.

డ్రాయింగులో ప్లేటు 8 మి.మీ., అందులో తుప్పుకు వదిలింది 2 మి.మీ. అనుకుందాం. మూడేళ్ల కిందట 7.6 ఉన్నది ఇప్పుడు 6.7 అయితే ఏడాదికి 0.3 పోతోంది. 6కు చేరడానికి మిగిలింది 0.7, అంటే రెండేళ్లు దాటి కొన్ని నెలలే. ఆ గడువులో సగం గడవకముందే మళ్లీ కొలవాలి. 6 కంటే తగ్గితే రింగు మొత్తం మార్చాలి. బయట నుంచి అతికే ప్యాచ్ ఆ సీజను గడపడానికే పనికొస్తుంది. దాని వెనక పాత ప్లేటును ఆమ్లం తింటూనే ఉంటుంది.

ఇకముందు రాకుండా: బాయిలర్ ఆపి చల్లారగానే మసి దులిపించండి, అడుగున బూడిద తీసేయండి. డ్రెయిన్ రంధ్రంలో కడ్డీ పెట్టి తెరుచుకుందో లేదో చూడండి. అది మూసుకుపోతే వాన నీళ్లు లోపలే నిలిచి కింది రింగును తినేస్తాయి.

ఫైరింగ్ తలుపు దగ్గర పొగ వెనక్కి తంతోంది

ఐడీ ఫ్యానును (బాయిలర్ పొగను లాగి చిమ్నీలోకి పంపేది) అనుమానించే ముందు చిమ్నీ అడుగున క్లీనింగ్ తలుపు చూడండి. బాయిలర్ నడుస్తుండగా దాని అంచు చుట్టూ అగరుబత్తి తిప్పండి. పొగ లోపలికి లాగితే గాలి దొంగగా చొరబడుతోందన్నమాట. ఆ చల్లగాలి డ్రాఫ్టును, అంటే పొగను పైకి లాగే ఊపును, చంపుతుంది, పొగ వేడిని తగ్గించి పైన చెప్పిన తుప్పునూ పెంచుతుంది. తలుపు అంచున సందు మూసే సెరామిక్ తాడు మార్చి బోల్టులు సమంగా బిగిస్తే సరి. అప్పటికీ తగ్గకపోతే డాంపర్ (పొగ దారిని తెరిచి మూసే పలక), పొగ గొట్టంలో పేరుకున్న బూడిద, ఆ తర్వాతే ఫ్యాను.

చిమ్నీ ఊగుతోంది

తుఫాను రోజున కాక ఒక మోస్తరు గాలికే, అదీ గాలి వీచే దిక్కుకు అడ్డంగా ఊగితే అది గాలి సుడుల వల్ల. ఆ వేగాన్ని లెక్కగట్టవచ్చు: సెకనుకు ఊగే సార్లను మీటర్లలో చిమ్నీ వ్యాసంతో గుణించి 0.2తో భాగించాలి. 1.2 మీటర్ల వ్యాసమున్న చిమ్నీ సెకనుకు ఒకసారి ఊగేదైతే సెకనుకు 6 మీటర్లు, గంటకు 22 కిలోమీటర్ల లోపు గాలే చాలు. ఈ ఊగుడు నెలల తరబడి సాగితే వెల్డింగులు అలసి పగుళ్లిస్తాయి. పై మూడో వంతు ఎత్తులో మూడు సుడి పట్టీలు (మెలికలుగా చుట్టే ఉక్కు రేకులు) చుట్టించడం దీనికి మందు. ఒక్కోటి వ్యాసంలో పదో వంతు బయటికి రావాలి, అయిదు వ్యాసాల ఎత్తుకు ఒక చుట్టు తిరగాలి. పట్టీలతో గాలి భారం పెరుగుతుంది కాబట్టి పునాదిని స్ట్రక్చరల్ ఇంజినీరుతో లెక్క వేయించాకే పని మొదలుపెట్టండి.

పునాది బోల్టు నట్లు మాటిమాటికీ వదులవుతుంటే చిమ్నీ అడుగు పలక (బేస్ ప్లేటు) కింద నింపిన గ్రౌట్ (సిమెంటు ముద్ద) నలిగిందేమో చూడండి. నలిగి ఉంటే నట్టు ఎంత బిగించినా ఆగదు. చిమ్నీని నలువైపులా లాగిపట్టే గై రోపుల్లో ఒక్కదాన్నే బిగిస్తే చిమ్నీ అటు వంగుతుంది. నిలువును థియోడోలైట్‌తో (కోణాలు కొలిచే సర్వే పరికరం) లంబంగా ఉండే రెండు దిక్కుల నుంచి, తెల్లవారుజామునే చూడాలి. ఎండెక్కాక ఎండ తగిలిన వైపు సాగి, చిమ్నీ రెండోవైపు వంగినట్టు కనిపిస్తుంది.

మనిషిని పంపే ముందు

ఐడీ ఫ్యాను కరెంటు తీసి తాళం వేయాలి. ఒకే చిమ్నీకి రెండు బాయిలర్లు కలిసి ఉంటే రెండోదాన్నీ ఆపాలి, డాంపర్ మూస్తే చాలదు. లోపల ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌ను గేజితో చూడాలి, దీపం 24 వోల్టులదే వాడాలి. బయట ఒక మనిషి కదలకుండా నిలబడాలి. నిచ్చెన బ్రాకెట్లను కింద నుంచి సుత్తితో తట్టి చూస్తూ ఎక్కాలి, డొల్ల శబ్దం వస్తే అక్కడితో దిగిపోవాలి.

డ్రోన్‌తో ముందు ఫొటోలు తీయిస్తే ఎక్కే పని సగం తగ్గుతుంది. గాజులమండ్యం లాంటి చోట్ల రేణిగుంట విమానాశ్రయం దగ్గర కాబట్టి ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో (డ్రోన్ ఎక్కడ ఎగరవచ్చో చూపేది) జోన్ చూసి, అనుమతి తీసుకున్నాకే డ్రోన్ ఎగరేయించండి.