టైగర్ ట్రాక్‌ని కిందికి వాల్చిన తంటా

రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు టైగర్-1కి నేను చేస్తున్న 1/35 స్కేల్ ప్లాస్టిక్ మోడల్ దాదాపు పూర్తయింది. చూస్తే ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ) పైభాగం రబ్బరు బ్యాండులా బిగుసుకుని చక్రాలకు తగలకుండా ఉంది. అసలు టైగర్‌కి పైన రిటర్న్ రోలర్లు, అంటే ట్రాక్ పైభాగాన్ని ఎత్తి పట్టే చిన్న చక్రాలు, ఉండవు. ఉక్కు ట్రాక్ తన బరువుకే పెద్ద చక్రాల మీద వాలిపోతుంది. ఆ వాలు లేకపోతే బొమ్మలాగే ఉంటుంది.

నాది మెత్తటి వినైల్ ట్రాక్. ప్లాస్టిక్ సిమెంట్ పట్టలేదు. అది మోడల్ ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌ను కరిగించి అతికించే జిగురు, వినైల్‌ను కాదు. చివరికి టూత్‌పిక్‌తో చక్రం అంచున సూపర్ గ్లూ చుక్క పెట్టి, ట్రాక్‌ను అదిమి, పైన మడ్‌గార్డు కింద స్పాంజి ముక్క కుక్కాను. నా వేలూ దాంతోపాటే అతుక్కుంది.

దుమ్ము పడుతుందని రాత్రికి డబ్బాలో పెట్టి మూతేశాను. పొద్దున చక్రాల మీద తెల్లటి పొర! గ్లూ ఆవిరి పేరుకుంది. టెన్షన్ పడ్డాను గానీ, ముదురు పసుపు ఇంకో పూత వేస్తే మాయమైంది. రెండో వైపు చేసేటప్పుడు మూత పెట్టలేదు.