కొత్త కంప్యూటర్లో కాటా ప్రోగ్రాం తెరుచుకోకపోతే

చీమకుర్తి గ్రానైట్ లారీలను తూచే కాటా (వేబ్రిడ్జి) అయినా, నెల్లూరు రైస్ మిల్లు కాటా అయినా, కంప్యూటర్ మార్చిన రోజు తరచుగా వచ్చే ఎర్రర్ ఇది: 'ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్ ఆన్ ద లోకల్ మెషీన్'. బయట లోడు లారీ నిలబడి ఉంటుంది. ఆ కంగారులో దొరికిన డ్రైవరల్లా ఎక్కించకండి. డ్రైవరంటే ప్రోగ్రాంకి డేటా ఫైలు తెరిచిపెట్టే భాగం, ఎర్రర్‌లోని 'ప్రొవైడర్' అదే. చాలాసార్లు డ్రైవర్ లేక కాదు, ప్రోగ్రాం 32 బిట్‌ది, డ్రైవర్ 64 బిట్‌ది అన్నట్టు రెండూ వేర్వేరు రకాలు కావడం వల్ల వచ్చే చిక్కిది.

ముందు డేటా ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోండి. తర్వాత చూడాల్సింది విండోస్ ఎన్ని బిట్లని కాదు, ప్రోగ్రాం ఎన్ని బిట్లని. ఎర్రర్ బాక్సు మూయకుండా టాస్క్ మేనేజర్ తెరవండి. డీటెయిల్స్‌లో కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి 'ప్లాట్‌ఫామ్' పెట్టుకుంటే తెలిసిపోతుంది. పాత ప్రోగ్రాములు ఎక్కువగా 32 బిట్‌వే. వాటికి 64 బిట్ డ్రైవర్ పక్కనే ఉన్నా కనపడదు.

కాటా డేటా తరచుగా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలులో ఉంటుంది, దాన్ని తెరిచే డ్రైవర్ల పేర్లే జెట్, ఏస్. ఎర్రర్‌లో 'జెట్ 4.0' అని ఉంటే కొత్తగా వేయాల్సిందేమీ లేదు. అది విండోస్‌తోనే వస్తుంది, 32 బిట్‌లో మాత్రమే, కాబట్టి ప్రోగ్రాం కూడా 32 బిట్‌దే అయి ఉండాలి. 'ఏస్ 12.0' అని ఉంటే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి యాక్సెస్ డేటాబేస్ ఇంజిన్, ప్రోగ్రాం బిట్‌కి సరిపోయేది వేయాలి. 64 బిట్ ఆఫీస్ ఉన్న చోట 32 బిట్ ఇంజిన్ ఎక్కనని మొరాయిస్తుంది. కమాండ్‌తో బలవంతంగా ఎక్కించే దారి ఉంది గానీ మైక్రోసాఫ్ట్ దాన్ని సపోర్ట్ చేయదు. కాటా గదిలో 64 బిట్ ఆఫీస్‌తో పనేముంది? దాన్ని తీసేసి 32 బిట్ ఆఫీస్ వేయడమే మేలు.

ఎర్రర్ 'డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్' అంటే మాత్రం కథ వేరు. డేటా సోర్స్ నేమ్ (డీఎస్ఎన్) అంటే ఏ డ్రైవర్‌తో ఏ ఫైలు తెరవాలో రాసిపెట్టిన సెట్టింగు పేరు. అది విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉంటుంది, ప్రోగ్రాం ఫోల్డర్ కాపీ చేస్తే వెంట రాదు. పాత కంప్యూటర్ ఇచ్చేయకముందే దాని పేరు, డ్రైవర్, ఫైలు దారి రాసిపెట్టుకోండి. కొత్తదాంట్లో స్టార్ట్ మెనూలోని 'ఓడీబీసీ డేటా సోర్సెస్ 32 బిట్' తెరిచి అదే పేరుతో చేయండి. ఫోల్డర్లలో వెతికితే పొరబడతారు: సిస్టమ్32లో ఉన్నది 64 బిట్‌ది, సిస్‌వావ్64లో ఉన్నది 32 బిట్‌ది. పేర్లు తారుమారు. యూజర్ డీఎస్ఎన్ కాకుండా సిస్టమ్ డీఎస్ఎన్ ఎంచుకోండి, లేకపోతే రాత్రి షిఫ్టు మనిషి తన లాగిన్‌తో వచ్చినప్పుడు మళ్లీ అదే ఎర్రర్.

ప్రోగ్రాం తెరుచుకుని తూకం చీటీ సేవ్ కాకపోతే అది సాధారణంగా డ్రైవర్ తప్పు కాదు. యాక్సెస్ ఫైలు తెరిచినప్పుడల్లా పక్కనే ఒక లాక్ ఫైలు పుడుతుంది, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో మామూలు యూజర్‌కి అలా రాసే అనుమతి ఉండదు. డేటాను డి డ్రైవ్‌లోకి మార్చి, ఆ ఫోల్డర్‌కి 'మాడిఫై' పర్మిషన్ ఇచ్చి, డీఎస్ఎన్‌లోనూ ప్రోగ్రాం సెట్టింగుల్లోనూ కొత్త దారి రాయండి.