సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పని: వాసన రాదు కదా అని దగ్గరికెళ్ళకండి

బాత్రూమ్ యాసిడ్ మూత తీయగానే ముక్కు మండుతుంది, దగ్గొస్తుంది, మనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేస్తాం. సల్ఫ్యూరిక్‌తో ఆ హెచ్చరిక ఉండదు. 98 శాతం యాసిడ్ చూడ్డానికి చిక్కటి నూనెలా ఉంటుంది, పొగా వాసనా దాదాపు ఉండవు, అందుకే డీఎం ప్లాంట్‌లో (నీళ్ళలోని లవణాలు తీసేసే ప్లాంటు) కొత్తగా చేరిన కుర్రాళ్ళు దీన్ని చూసి భయపడరు. నాకు టెన్షన్ అంతా ఆ భయపడని కుర్రాళ్ళతోనే.

డ్రమ్ ముట్టుకునే ముందు సేఫ్టీ షవర్ వాల్వు తిప్పి నీళ్ళొస్తున్నాయో లేదో చూడండి. ఎండాకాలంలో పైపులో నీళ్ళు కాగిపోయి ఉంటాయి, కాసేపు వదిలేసి చల్లబడ్డాక మొదలుపెట్టండి. కళ్ళజోడు చాలదు, చుట్టూ మూసుకునే గాగుల్స్, దానిపైన ఫేస్ షీల్డ్ ఉండాలి. ప్యాంటు గమ్‌బూట్ల లోపలికి దోపకండి, బయటికే వదలండి, లేకపోతే కారిన యాసిడ్ నేరుగా బూటులోకి దిగుతుంది. గ్లవ్స్ విషయంలో చాలామంది మోసపోతారు: నూలువి మాడి బొగ్గవుతాయి, హాస్పిటల్లో వాడే పల్చటి నైట్రైల్‌వి 98 శాతం ముందు ఎంతోసేపు నిలవవు. బ్యూటైల్ రబ్బరు లాంటివి తెప్పించమని స్టోర్స్ వాళ్ళని పీడించండి, తప్పులేదు.

ఇక కలపడం. నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. స్కూల్లో అందరం చదివిందే, కానీ ఎందుకో తెలిస్తేనే తొందరలో కూడా గుర్తుంటుంది. లీటరు యాసిడ్ బరువు సుమారు 1.84 కిలోలు. నీళ్ళలో పోస్తే అది కిందికి దిగి కలుస్తుంది, పుట్టిన వేడిని చుట్టూ ఉన్న నీళ్ళు పీల్చుకుంటాయి. అదే యాసిడ్‌లో నీళ్ళు పోశారనుకోండి, తేలికైన నీళ్ళు పైనే ఉండి అక్కడికక్కడే మరిగి, పక్కనున్న యాసిడ్‌ని వెంటేసుకుని ముఖం మీదికి చిమ్ముతాయి, కాగిన నూనెలో తడి మిరపకాయ పడ్డట్టు. మా దగ్గర ఒకతను ఖాళీ అయిన కార్బాయ్ (యాసిడ్ వచ్చే పెద్ద డబ్బా) కడుగుదామని మగ్గుడు నీళ్ళు పోశాడు, అడుగున మిగిలింది పావు లీటరు కూడా ఉండదు, ఫేస్ షీల్డ్ తీయకపోవడం వల్ల బతికిపోయాడు.

లెక్క దగ్గర కూడా ఒక మెలిక ఉంది. 10 శాతం కావాలంటే 9 లీటర్ల నీళ్ళకి ఒక లీటరు అని పోసేస్తుంటారు. బరువు ప్రకారం చూస్తే అది 16 శాతం దాటుతుంది. 16 లీటర్ల నీళ్ళకి లీటరు పోస్తేనే సుమారు 10 శాతం. సన్నటి ధారగా పోస్తూ, కలుపుతూ, మధ్యలో ఆగుతూ పోయండి, డబ్బా బయట ముట్టుకోలేనంత వేడెక్కితే చల్లారేదాకా కూర్చోండి. పాత్ర మందపాటి హెచ్‌డీపీఈది (గట్టి ప్లాస్టిక్) కావాలి. జీఐ (జింకు పూత ఇనుము) బకెట్, అల్యూమినియం గిన్నె వద్దే వద్దు, మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది.

ఆ హైడ్రోజన్ సంగతే డ్రమ్ములకీ వర్తిస్తుంది. గాఢ యాసిడ్‌ని ఇనుప ట్యాంకులోనే ఉంచుతారు కదా, మరి పలచది ఇనుమును ఎందుకు తింటుందని ఒకరు అడిగారు. గాఢంగా ఉన్నప్పుడు ఇనుము మీద ఐరన్ సల్ఫేట్ పొర కట్టి కాపాడుతుంది, తేమ చేరి పలచబడితే ఆ పొర నిలవదు. కాబట్టి ఇనుప డ్రమ్ బిరడా ఒక పక్కగా నిలబడి మెల్లగా వదులు చేయండి, లోపల ఒత్తిడి ఉండొచ్చు. ఖాళీ డ్రమ్మే కదా అని కట్టింగ్‌కి, వెల్డింగ్‌కి ఇచ్చేయకండి, పేలుతుంది.

నేల మీద ఒలికితే పొడి ఇసుకతో చుట్టూ గట్టు కట్టి, సోడా యాష్ (వాషింగ్ సోడా పొడి) అంచు నుంచి లోపలికి కొద్దికొద్దిగా చల్లండి. బుస్సున పొంగడం ఆగేదాకా చల్లుతూనే ఉండండి. రంపపు పొట్టు, పాత గుడ్డలు వేయకండి. కాలువలోకి అసలు తోయొద్దు, అవతల సల్ఫైడ్ ఉన్న వ్యర్థజలం ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్, బ్లీచింగ్ ఉంటే క్లోరిన్ వస్తుంది, రెండూ మనుషుల్ని చంపేవే.

ఒంటి మీద పడితే? నీళ్ళు పోస్తే వేడెక్కుతుంది కదా అని ఆగిపోయేవాళ్ళని చూశాను. మగ్గుడు నీళ్ళతో వేడెక్కుతుంది నిజమే, షవర్ ధార కింద వేడీ యాసిడ్ రెండూ కొట్టుకుపోతాయి. సిగ్గుపడకుండా బట్టలు షవర్ కిందే విప్పేయండి, కనీసం 20 నిమిషాలు, మంట తగ్గినట్టు అనిపించినా బయటికి రాకండి. సోడా పొడి, పసుపు, టూత్‌పేస్ట్ ఏవీ రాయొద్దు. కంట్లో పడితే రెప్పలు వేళ్ళతో విడదీసి కడుగుతూనే ఉండాలి, ఈలోగా పక్కవాళ్ళు 108కి ఫోన్ చేయాలి. మింగితే నోరు కడిగించండి, వాంతి మాత్రం చేయించకండి, దిగేటప్పుడు కాలిన గొంతు వచ్చేటప్పుడు మళ్ళీ కాలుతుంది.

ఇంకోటి, మిగిలిన యాసిడ్‌ని వాటర్ బాటిల్లోనో కూల్‌డ్రింక్ సీసాలోనో పోసి కిటికీలో పెట్టే అలవాటు బ్యాటరీ షాపుల్లో ఇంకా ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్ళకి అసలు యాసిడ్ కొనే పనే లేదు, బ్యాటరీలో మట్టం తగ్గితే పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే.