మిరప పూతలో తామర పురుగులను గుర్తించి లెక్కపెట్టడం ఎలా?

2021 చివరిలో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప చేలలో పూత కళ్లముందే రాలిపోయింది. ఏపుగా ఎదిగిన పైరును పీకేసి దున్నేసుకున్న రైతులున్నారు. కారణం నల్ల తామర పురుగు. శాస్త్రవేత్తలు దీన్ని త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగు మన దేశంలో ఉన్నట్లు 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. మనకు పాతకాలం నుంచి తెలిసిన తామర పురుగు ఎక్కువగా లేత ఆకులను పడుతుంది. ఈ నల్ల తామర పురుగు పువ్వులో చేరుతుంది. ఆకు చూసి మందు కొట్టే అలవాటుతో దీన్ని పట్టుకోలేం, పువ్వు విప్పి చూడాల్సిందే.

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, తెల్ల కాగితం, సన్నని కుంచె, మూత బిగుతుగా పట్టే చిన్న సీసా, 70 శాతం ఆల్కహాల్, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

ముందు ఆకులను చూడండి. అంచులు పైకి లేచి పడవలా ముడుచుకుంటే అది పై ముడత, తామర పురుగు పని. కిందికి ముడుచుకుని కాడ సాగితే అది కింది ముడత, తెల్లనల్లి పని. నల్లి పురుగు జాతి కాదు, దాని మందులు వేరు. ఈ తేడా తెలియక ఎంత డబ్బు వృథా అవుతోందో!

తరువాత పూత. గట్టు పక్క మొక్కలతో సరిపెట్టకుండా చేనంతా వంకరటింకరగా నడుస్తూ ఇరవై మొక్కలు ఎంచుకోండి. ఒక్కో మొక్కలో విచ్చిన పువ్వును తుంచకుండా వంచి, కాగితం మీద నాలుగైదుసార్లు మెల్లగా తట్టండి. రేకుల మొదట్లో ఇరుక్కున్నవి అంత తేలికగా రాలవు. అప్పుడు పువ్వులోకి నెమ్మదిగా ఊపిరి వదలండి. వెచ్చని ఊపిరి తగిలితే అవి కదిలి బయటికి వస్తాయి. ఈ చిన్న చిట్కా తెలిస్తే సగం పని అయినట్లే.

కాగితం మీద పాకేది ఒక మిల్లీమీటరు పొడవుంటుంది. భూతద్దంలో ఆడ పురుగు నల్లగా, మగది పసుపుపచ్చగా, ఇంకా చిన్నగా కనిపిస్తాయి. రెక్కలు సన్నని పుల్లల్లా ఉండి, అంచుల వెంట పొడవాటి వెంట్రుకలు కుచ్చులా వేలాడుతుంటాయి. రెక్కలు లేని లేత పసుపు పిల్ల పురుగులను చూసి జాతి చెప్పకండి, అది పెద్ద పురుగులోనే తేలుతుంది. పెద్దవాటిని, పిల్లలను వేరువేరుగా లెక్కపెట్టి మొక్క వారీగా రాసుకోండి. పిల్లలు కనిపిస్తే పురుగు మీ చేనిలోనే గుడ్లు పెట్టి పెరుగుతోందని అర్థం.

జాతిని ఖాయం చేసుకోవాలంటే కుంచె కొసను ఆల్కహాల్‌లో తడిపి పురుగును అంటించి సీసాలో వేయండి. ఊరు, పంట, తేదీ రాసిన చీటీని కూడా లోపలే వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, పెన్సిల్‌తోనే రాయాలి. సీసాను దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి ఇవ్వండి. అక్కడివారు సూక్ష్మదర్శినిలో చూడాల్సిన వెంట్రుకలు, గీతలు మన భూతద్దానికి అందవు.

పైరు మధ్య నీలం రంగు జిగురు అట్టలు మొక్కల కొసల ఎత్తున కట్టండి. ఎగిరే పురుగుల రాక వాటివల్ల తెలుస్తుంది గానీ, పువ్వుల లెక్కకు అవి ప్రత్యామ్నాయం కావు.

పిచికారీ చేసినా చేయకపోయినా అయిదారు రోజులకు మళ్లీ లెక్కపెట్టండి. గుడ్లు ఆకు కణజాలం లోపల ఉంటాయి, పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే ముందు ఉండే కోశస్థ దశ ఎక్కువగా మట్టిలో గడుస్తుంది. మందు ఆ రెండింటికీ సరిగా అందదు. మొదటిసారి చూసిన మొక్కలకే దారం కట్టి ఉంచితే, రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.