గుహ పటం గీయడం ఎలా? ముందు దిక్సూచి సంగతి చూడండి

భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో గుహల పటం గీస్తామని వచ్చేవాళ్లు చాలామంది నేరుగా లోపలికి దూరి కొలతలు మొదలుపెడతారు. తీరా గీశాక పటంలో గుహ ఒక పక్కకు మెలితిరిగి ఉంటుంది. చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

దూరం, దిక్కు, వాలు మూడూ చెప్పే డిస్టోఎక్స్ తరహా లేజర్ మీటర్, ఆ కొలతలను నమోదు చేసే టోపోడ్రాయిడ్ యాప్ ఉన్న ఫోను, హెల్మెట్, ఒక్కొక్కరికి మూడేసి లైట్లు, పెన్సిలు, గళ్ల కాగితం చాలు. మనుషులు ముగ్గురుండాలి. అటవీ, పురావస్తు శాఖల అనుమతి ముందే తీసుకోండి.

ఇక అసలు పని క్యాలిబ్రేషన్, అంటే మీటరు లోపలి దిక్సూచి తప్పును సరిదిద్దడం. దిక్కు ఒక డిగ్రీ తప్పితే వంద మీటర్ల దూరంలో చివరి బిందువు దాదాపు 1.75 మీటర్లు పక్కకు జరుగుతుంది. అందుకే బయట, బండికీ కరెంటు తీగలకూ ఇనుప కంచెకూ దూరంగా, చెట్ల మధ్య నిలబడండి. 14 దిక్కులకు గురిపెట్టి, ఒక్కో దిక్కులో తెర పైకి, కిందికి, ఎడమకు, కుడికి తిప్పుతూ నాలుగేసి సార్లు లేజర్ కొట్టండి. మొత్తం 56 కొలతలు. ఆ 14 దిక్కుల్లో పైకీ కిందికీ కూడా ఉండాలి. సగటు తప్పు అర డిగ్రీ దాటితే మళ్లీ మొదటి నుంచి.

బ్యాటరీ మార్చారా? మళ్లీ చేయండి. బ్యాటరీకీ అయస్కాంత ప్రభావం ఉంటుంది. కొలిచేటప్పుడు నుదుటి లైటు, చేతి గడియారం, ఫోను మీటరుకు దగ్గరగా రాకూడదు. ఈ ఒక్క అజాగ్రత్తే సగం పటాలను పాడుచేస్తోంది.

ఒక బిందువు నుంచి రెండో బిందువుకు మూడుసార్లు కొట్టి, అక్కడి నుంచి వెనక్కి కూడా కొట్టండి. రెండు దిక్కుల మధ్య తేడా 180 డిగ్రీలకు ఒకటి అటూ ఇటూగా రావాలి. రాకపోతే ముందుకు కదలొద్దు.

కొందరు ఫోనులోని లైడార్‌తో, అంటే లేజర్‌తో చుట్టూ రూపాన్ని పట్టే పరికరంతో, నిమిషాల్లో అయిపోయిందంటారు. దాని చూపు ఐదు మీటర్లు. పొడవాటి సొరంగంలో మెల్లగా దారి తప్పుతుంది. గోడ రూపానికి వాడండి, పటానికి వెన్నెముకగా వద్దు.

బిందువుల గుర్తుకు రంగు, సుద్ద పూయకండి. ఆ గోడల మీద ఆదిమానవుల చిత్రాలున్నాయి. చిన్న కాగితం ముక్క పెట్టి, పని అయ్యాక తీసేయండి.

గోడల మలుపులు, రాళ్ల గుట్టలు, కప్పు ఎత్తు అక్కడికక్కడే గీయాలి. ఇంటికెళ్లి గుర్తుచేసుకుని గీసిన పటాన్ని నేను ఒప్పుకోను. గుహ పటాలు తయారుచేసే థెరియన్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేముందు ఉత్తరం గుర్తు, కొలబద్ద, తేదీ, కొలిచినవాళ్ల పేర్లు రాయండి.