తిరుపతి, అరుణాచలం టూర్‌లో ఒళ్ళు కదలాలంటే ఏం చేయాలి?

మొదటిసారి అలిపిరి మెట్లెక్కిన మర్నాడు నేను మంచం దిగింది పక్కకి దొర్లి. ఆ సాయంత్రమే అరుణాచలంలో గిరి ప్రదక్షిణ. 14 కిలోమీటర్లూ నడిచేస్తానని అందరికీ చెప్పి బయలుదేరినవాణ్ణి, యమలింగం దగ్గర ఆటో ఎక్కాను. కొండ చుట్టూ దారిలో వచ్చే ఎనిమిది లింగాల్లో అది మూడోది. మా పిల్లలు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉంటారు.

టూర్‌లో వ్యాయామం ఆగిపోతుందని చాలామంది దిగులు పడతారు. మన యాత్రల్లో వచ్చే చిక్కు దీనికి తలకిందులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ ఉండాలంటుంది. అలిపిరి దారి ఒక్కటే అలవాటు లేనివాళ్ళకి మూడు నాలుగు గంటలు పడుతుంది. అంటే వారం కోటా ఒక్క పొద్దుటే అయిపోతుంది, మిగతా రోజులన్నీ కారు సీట్లోనే గడుస్తాయి. కాబట్టి శ్రమని రోజులకి పంచుకోవడం ఎలాగో చూద్దాం.

మూడు వారాల ముందు: ఇంటి మెట్లు

అలిపిరి దారిలో 3,550 మెట్లు. అంతస్తుకి 20 మెట్లు లెక్కేసుకుంటే దాదాపు 175 అంతస్తులు. భయపడక్కర్లేదు, మధ్యలో చదును దారి కూడా ఉంది. రోజు విడిచి రోజు మొదటి వారం పది అంతస్తులు, రెండో వారం ఇరవై, మూడో వారం ముప్పై ఎక్కండి. ఒకేసారి ఎక్కాలనేం లేదు, పొద్దున సగం, సాయంత్రం సగం చేసినా సరే.

లిఫ్టులో దిగకుండా నడిచే దిగండి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బ్రేకు వేస్తాయి, మర్నాటి నొప్పి ఎక్కువగా అక్కడే పుడుతుంది. ఆ నొప్పేదో ఇంట్లోనే ఒకసారి పడితే కొండ మీద అంత బాధించదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మాత్రం ఎక్కడానికి మెట్లు, దిగడానికి లిఫ్టే మంచిది.

చెప్పులు లేకుండా ఎక్కుతామని మొక్కుకున్నవాళ్ళు పొద్దున్నే డాబా మీద పావుగంట ఒట్టికాళ్ళతో నడిచి పాదాలకి అలవాటు చేయాలి. గుండె జబ్బు, బీపీ, ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మెట్ల దారి పెట్టుకోవద్దు. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళ జేబులో గ్లూకోజ్ గానీ బెల్లం ముక్క గానీ ఉండి తీరాలి.

రైల్లో, కారులో

నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చుని ప్రయాణం చేస్తే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకని కారైతే రెండు గంటలకోసారి ఆపించండి. ఆపించి, మళ్ళీ హోటల్లో కుర్చీ వెతుక్కోకుండా టీ గ్లాసు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరగండి. రైలైతే బోగీ ఈ చివర నుంచి ఆ చివరికి నడవచ్చు. సీట్లో ఉన్నప్పుడు మడమ నేలకి ఆనించి వేళ్ళు పైకి, వేళ్ళు ఆనించి మడమ పైకి, గంటకోసారి ముప్పైసార్లు చేస్తే పిక్కలు రక్తాన్ని పైకి తోస్తాయి. తిరుమలలో దర్శనం కోసం కూర్చోబెట్టే కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి ఉండాల్సి వచ్చినప్పుడూ ఇదే పని చేయండి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒకసారి నన్ను చూసి తనూ మొదలుపెట్టారు.

గదిలో పావుగంట, కాఫీకి ముందే

కాఫీ తర్వాత చేద్దామనుకుంటే కుదరదు. కాఫీ వెనకే టిఫిను, టిఫిను వెనకే "నాన్నా, డ్రైవర్ వచ్చేశాడు" అన్న కేక. అందుకే లేవగానే, మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న చోటులోనే సూర్య నమస్కారాలు ఆరు, గుంజీళ్ళు పదేసి చొప్పున మూడు విడతలు, గోడకి చేతులానించి తోయడం పదేసి చొప్పున రెండు విడతలు కానివ్వండి. హోటల్లో జిమ్ ఉందా లేదా అని చూసుకోవడం మానేశాను. కొండెక్కే రోజున ఇవీ అక్కర్లేదు.

అలిపిరి దారి

తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. 2023లో చిరుత దాడి జరిగాక చిన్నపిల్లలతో మధ్యాహ్నం తర్వాత ఎక్కనివ్వకుండా ఆంక్షలు పెట్టారు, వేళలు మారుస్తుంటారు. ముందురోజే కనుక్కోండి. బ్యాగులు అలిపిరి కౌంటర్లో ఇస్తే దేవస్థానమే ఉచితంగా పైకి చేరుస్తుంది. మోయడం గొప్ప కాదు, మోకాళ్ళకి శిక్ష.

ఎంత వేగంగా ఎక్కాలో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. "గోవిందా" అని తడబడకుండా అనగలిగితే సరైన వేగం. "గోవిం" దగ్గరే ఆయాసం వస్తే తగ్గించాలి.

గాలిగోపురం దాకా ఏటవాలు ఎక్కువ. కొత్తవాళ్ళు ఉత్సాహంలో పరుగు తీసేది ఇక్కడే, చతికిలబడేదీ ఇక్కడే. అది దాటాక జింకల పార్కు వైపు దారి తేలిక. అక్కడ కాళ్ళు కూడదీసుకోండి, చివర్లో మళ్ళీ నిటారు మెట్లు, మోకాళ్ళ పర్వతం ఉంది. ఆగినప్పుడు రెండు మూడు నిమిషాలు నిలబడండి, కూర్చుంటే ఐదు నిమిషాలు మించనివ్వకండి. ఇంకా ఎక్కువైతే కాళ్ళు బిగుసుకుపోతాయి. దారిలో బజ్జీల వాసన ఆపుతుంది. కడుపు నిండా తిని మెట్లెక్కడం ఎంత తప్పో నాకు స్వానుభవం. ఉప్పు వేసిన మజ్జిగ, ఒక అరటిపండు చాలు. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా మొక్కు సంగతి తర్వాత, అక్కడే ఆగి పక్కవాళ్ళకి చెప్పాలి.

టైం లేనివాళ్ళు శ్రీనివాస మంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు ఎంచుకుంటారు. 2,388 మెట్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి. దూరం రెండు కిలోమీటర్ల చిల్లర, అందుకే ఎక్కుడు గట్టిగా ఉంటుంది.

మధ్యలో ఒక రోజు

నేను చేసిన తప్పు ఇక్కడే. కండరాల నొప్పి ఎక్కిన రోజున తెలియదు, మర్నాడూ ఆ మర్నాడూ ముదురుతుంది. కాబట్టి అలిపిరికీ అరుణాచలానికీ మధ్య కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు వదలండి. ఆ రోజుల్లో శ్రీకాళహస్తి, కాణిపాకం పెట్టుకుంటే సరి. అలాగని మంచానికే అతుక్కోవద్దు. అరగంట మెల్లగా నడిచి, గోడకి చేతులానించి పిక్కలు సాగదీస్తే తొందరగా తేరుకుంటారు. కాణిపాకంలో వినాయకుడి ముందు గుంజీళ్ళు ఎలాగూ తీస్తారు. ఆ రోజుకి లెక్కలో వేసుకోవచ్చు.

గిరి ప్రదక్షిణ

14 కిలోమీటర్లు, తారురోడ్డు, ఎక్కుడు దాదాపు లేదు. నాలుగైదు గంటలు పడుతుంది. ఇబ్బందల్లా ఎండ. మధ్యాహ్నం ఆ రోడ్డు మీద ఒట్టికాళ్ళు పెడితే బొబ్బలే. రాత్రి గానీ తెల్లవారుజామున గానీ మొదలుపెట్టండి, కాటన్ సాక్సులు వేసుకునేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. ఇంద్రలింగం నుంచి ఈశాన్యలింగం దాకా ఎనిమిది లింగాలు ఎలాగూ మజిలీలే. ఒక్కోచోట నీళ్ళు తాగి, దణ్ణం పెట్టుకుని కదలండి. మొదటిసారైతే పౌర్ణమి వద్దంటాను. ఆ జనంలో అడుగులో అడుగు వేస్తూ నడవాలి, మామూలు నడక కన్నా అదే ఎక్కువ అలసట.

వేరే ఊరైతే

ఇదే లెక్క. విశాఖలో పొద్దున్నే బీచ్ రోడ్డు మీదికి వెళ్ళండి, హంపిలో సైకిల్ అద్దెకి తీసుకోండి, గోల్కొండ ఎక్కిన సాయంత్రం ఇంకేం పెట్టుకోకండి. బంధువుల ఇంట్లో ఉంటే కూరగాయలు తెచ్చే పని మీరు అడిగి పుచ్చుకోండి, అత్తయ్య కాదనరు.

తిరుగు ప్రయాణం రాత్రి రైల్లో అయితే కింది బెర్తులు పెద్దవాళ్ళకి పోతాయి, పైది మీకే మిగులుతుంది. ఆ నిచ్చెన ఎక్కుతుంటే తొడలు మూలగలేదంటే పంపకం సరిగ్గా జరిగిందన్నమాట.