పాత అమెరికా రాగి సెంట్లలో అచ్చు రకాలను గుర్తించడం ఎలా?

అమెరికాలో 1793 నుంచి 1857 వరకు ముద్రించిన పెద్ద రాగి సెంట్లలో ఒకే సంవత్సరానికి చెందినవి చాలావరకు పైచూపుకు ఒకేలా కనిపిస్తాయి. భూతద్దంతో రెండింటిని పక్కపక్కన పరిశీలిస్తే మాత్రం ఒకదానిపై సంవత్సరం అంకెలు దగ్గరగా, రెండోదానిపై ఎడంగా ఉండవచ్చు. ఒకదానిపై ఆకు కొన సరిగ్గా ఒక అక్షరం కిందికి వస్తే, రెండోదానిపై అది రెండు అక్షరాల మధ్య ఖాళీ కిందికి రావచ్చు. ఫిలడెల్ఫియా టంకశాల తొలి దశాబ్దాల్లో అచ్చులను తయారుచేసిన తీరే ఇందుకు కారణం. తల బొమ్మను అచ్చులోకి దించిన తర్వాత అక్షరాలను, అంకెలను చిన్న ఉక్కు పంచ్‌లతో ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టేవారు. చేతితో కొట్టిన గుర్తు రెండు అచ్చుల్లో కచ్చితంగా ఒకే చోట పడడం దాదాపు అసాధ్యం కాబట్టి, ఏ నాణెం ఏ అచ్చుల జత (బొమ్మ వైపుకు ఒకటి, బొరుసు వైపుకు ఒకటి) నుంచి వచ్చిందో రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మనం తేల్చుకోగలుగుతున్నాం.

మొదటి మెట్టు: నాణేన్ని సిద్ధం చేసుకోవడం

నాణేన్ని తోమకూడదు, చింతపండుతో గానీ రసాయనాలతో గానీ మెరుగుపెట్టకూడదు. రాగిపై ఏర్పడిన గోధుమ రంగు పొర ఒకసారి పోతే తిరిగి రాదు, దానితోపాటు నాణెం విలువ కూడా చాలావరకు పోతుంది. నాణేన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోవాలి. ఏడు నుంచి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పక్క నుంచి వెలుగు పడేలా వంచగల ఒక బల్లదీపం, గ్రాముల్లో రెండు దశాంశ స్థానాల వరకు చూపే చిన్న తూకం ఉంటే చాలు. 1795 చివరిలో బరువు తగ్గించేవరకు సెంటు ప్రామాణిక బరువు 13.48 గ్రాములు, ఆ తర్వాత 10.89 గ్రాములు. అరిగిన నాణెం కొంత తేలికగా ఉండడం సహజమే కానీ, తేడా మరీ ఎక్కువగా ఉంటే అచ్చు రకం సంగతి పక్కనపెట్టి ముందు అది అసలుదో నకిలీదో చూసుకోవాలి.

రెండో మెట్టు: సంవత్సరం, పట్టిక

1793 నుంచి 1814 వరకు వచ్చిన సెంట్లకు నాణేల పరిశోధకుడు విలియం షెల్డన్ 1949లో ఒక్కో అచ్చు రకానికి ఇచ్చిన సంఖ్యలే నేటికీ వాడుకలో ఉన్నాయి. 1816 నుంచి 1857 వరకు వచ్చిన వాటికి హోవర్డ్ న్యూకోంబ్ అనే మరో పరిశోధకుడు ఇచ్చిన సంఖ్యలు వాడతారు. ఆ సంఖ్యలు ప్రతి సంవత్సరానికీ ఒకటి నుంచి మొదలవుతాయి. 1815 సంవత్సరంతో సెంట్లు లేవు కాబట్టి ఈ రెండు పట్టికల మధ్య హద్దు స్పష్టంగానే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు షెల్డన్ పట్టికలోని సెంట్లతోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వాటిలో తేడాలు కంటికి ఆనేంత పెద్దవి. తర్వాతి కాలంలో అచ్చులోని భాగాలన్నీ క్రమంగా ఒకే మూలం నుంచి దిగడం మొదలై, చివరి దశాబ్దాల నాణేలకు సంవత్సరం అంకెల స్థానం, వెంట్రుకవాసి గీతలు తప్ప వేరే ఆధారాలు పెద్దగా మిగలవు.

మూడో మెట్టు: బొమ్మ వైపు

అక్షరాల ఆకారం కంటే అవి ఒకదానికొకటి ఎక్కడ ఉన్నాయన్నదే ముఖ్యం. అరిగేకొద్దీ ఆకారం మారుతుంది, స్థానం మారదు. ముందుగా ‘లిబర్టీ’ అనే మాటను చూసి, ఏ అక్షరం జుట్టుకు దగ్గరగా ఉంది, ఏది నుదుటికి ఎదురుగా ఉంది, ఏ రెండు అక్షరాల మధ్య ఎడం ఎక్కువగా ఉంది అన్నది రాసుకోవాలి. తర్వాత సంవత్సరం అంకెల మధ్య దూరాలను, చివరి అంకె ఛాతీ బొమ్మకు తగులుతోందా, విడిగా ఉందా అన్నదాన్ని గమనించాలి. కొన్ని అచ్చులు మాత్రం తమ పొరపాటుతోనే తమను పట్టిస్తాయి. 1796 నాటి ఒక అచ్చులో ‘లిబర్టీ’లోని ‘బి’ అక్షరాన్ని మొదట తిరగేసి కొట్టి, ఆపై సరిదిద్దడంతో అది ‘హెచ్’లా కనిపిస్తుంది, అది షెల్డన్ 103.

1803 సెంట్లను తీసుకుంటే ఈ వడపోత ఎంత వేగంగా సాగుతుందో తెలుస్తుంది. ఆ సంవత్సరానికి షెల్డన్ 243 నుంచి 265 వరకు, అంటే 23 సంఖ్యలు ఉన్నాయి. సంవత్సరంలోని ఒకటి అంకె పైకొన మొద్దుగా ఉంటే అది చిన్న అంకెల రకం. ఆ కొన సూదిగా ఉండి, మూడు అంకె కూడా పెద్దదిగా కనిపిస్తే అది పెద్ద అంకెల రకం. అప్పుడు మిగిలేవి 264, 265 మాత్రమే. ఇక నాణేన్ని తిప్పి, అడుగున ఉన్న భిన్నాన్ని (సెంటు డాలరులో నూరో వంతని చూపే 1/100ను) చూడాలి. భిన్నం అంకెలు చిన్నవైతే అది 264, పెద్దవైతే 265. వీటిలో 264 చాలా అరుదైనది కాబట్టి, 1803 నాటి సెంటు చేతికి వచ్చినప్పుడు ఆ ఒకటి అంకె కొనను చూడకుండా పక్కన పెట్టకండి.

నాలుగో మెట్టు: బొరుసు వైపు

ఇక్కడ ఆకుల దండే ప్రధాన ఆధారం. 1796 నుంచి 1807 వరకు వచ్చిన సెంట్లలో ముందుగా దండ పైభాగాన కుడివైపు కొన దగ్గర ఒక్క ఆకు ఉందా, జంట ఆకులు ఉన్నాయా చూడాలి. ఆ తేడాతోనే పెద్ద వర్గాలు విడిపోతాయి. ఆపై ఎడమ కొమ్మకు ఎన్ని పండ్లు, కుడి కొమ్మకు ఎన్ని పండ్లు ఉన్నాయో లెక్కించి, కాడల చివరలు ఏ అక్షరాల దగ్గరకు వస్తున్నాయో, భిన్నం మధ్య గీత ఎంత పొడవు ఉందో రాసుకోవాలి.

ఈ వైపు పొరపాట్లకు 1801 నాటి షెల్డన్ 219ను మించినది లేదు. దాని బొరుసుపై మూడు తప్పులున్నాయి. భిన్నంలో నూరుకు బదులు మూడు సున్నాలు ఉన్నాయి; దండకు రెండు కాడలు ఉండవలసి ఉండగా ఒక్కటే ఉంది; ‘యునైటెడ్’లోని మొదటి అక్షరాన్ని తలకిందులుగా కొట్టి సరిదిద్దడంతో అది రెండు ‘ఐ’ అక్షరాలు పక్కపక్కన నిలబడినట్టు కనిపిస్తుంది. అయితే మూడు సున్నాల భిన్నం 1801లోనే మరో రకంపైనా, 1802లో కూడా వచ్చింది, కాడలు లేని దండ 1802, 1803 రెండింటిలోనూ ఉంది. కాబట్టి ఒక్క తప్పును చూసి సంఖ్యను ఖాయం చేయకూడదు, మూడూ కలిసి కనిపించాలి.

ఐదో మెట్టు: రెండు వైపులనూ జతచేయడం

రకం సంఖ్య ఒక అచ్చుకు కాదు, అచ్చుల జతకు చెందుతుంది. ఒక బొమ్మ అచ్చు పగిలిపోతే దానితో పనిచేస్తున్న బొరుసు అచ్చును వేరొకదానితో కలిపి వాడేవారు. అందుకే ఒక వైపు ఎంత నిశ్చయంగా గుర్తించినా రెండో వైపు కూడా సరిపోయేంతవరకు ఆగాలి.

ఆరో మెట్టు: పగుళ్లతో నిర్ధారణ

అచ్చులో పగులు ఏర్పడితే, లోహం ఆ సందులోకి చేరి నాణెంపై ఉబ్బెత్తు గీతగా పడుతుంది. నాణెంపై తర్వాత పడిన గీకుడు లోతుగా ఉంటుంది. దీపాన్ని ఒక పక్కకు వంచి, నీడ గీతకు ఏ వైపు పడుతోందో చూస్తే రెండింటి తేడా తెలిసిపోతుంది. పగులు కనిపిస్తే నిర్ణయం బలపడుతుంది. కనిపించకపోతే మాత్రం ఆ రకం కాదని అనుకోకూడదు, ఎందుకంటే అచ్చు ఇంకా పగలక ముందు కొట్టిన నాణేలు కూడా ఉంటాయి.

దీనికి 1804 నాటి సెంటు మంచి ఉదాహరణ. ఆ సంవత్సరానికి ఉన్నది ఒకే జత, షెల్డన్ 266. కొన్ని నాణేలపై పగులు ఉండదు. మరికొన్నింటిపై అంచు వద్ద అచ్చు ముక్క విరిగిపోయి, బొమ్మ వైపు ‘లిబర్టీ’ చివరి అక్షరాల పైన, బొరుసు వైపు ‘అమెరికా’ నడుమ అక్షరాల పైన దిమ్మలాంటి ఉబ్బు కనిపిస్తుంది. పగులు ఉన్నా లేకున్నా పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. 1804లోని సున్నాకు ఎదురుగా నాణెం అంచుపై వేలు ఆనించి, వేలు కదపకుండా వెనకవైపు చూస్తే ‘ఆఫ్’ అనే మాటలోని మొదటి అక్షరం అక్కడే ఉండాలి. ఇతర సంవత్సరాల నాణెంపై అంకె మార్చి 1804గా చేసినవి ఈ పరీక్షలో దొరికిపోతాయి. సుమారు 1860లో ప్రైవేటుగా కొట్టిన 1804 సెంట్ల బొమ్మ వైపు 1803 నాటి పాత అచ్చును మార్చి వాడినది, వాటి బొరుసు 1820 నాటిది; ఆ బొరుసుపై భిన్నమే ఉండదు.

ఏడో మెట్టు: రాసిపెట్టుకోవడం

నాణేన్ని కాగితపు కవరులో ఉంచి దానిపై సంవత్సరం, సంఖ్య, అచ్చు పగులు దశ, బరువు రాయాలి. మెత్తని పీవీసీ కవర్లు రాగిని పాడుచేస్తాయి కాబట్టి వాటిని వాడకండి. సంఖ్యతోపాటు దాన్ని ఏ రెండు మూడు ఆధారాలతో తేల్చారో కూడా రాస్తే, తర్వాత మరొకరు సరిచూసుకోవడానికి వీలవుతుంది. ఏ సంఖ్యకూ నాణెం సరిపోకపోతే ముందుగా మీ కొలతలను వేరే వెలుగులో మళ్లీ చూసుకోండి, తర్వాత ఎవరైనా అంకెను మార్చారేమో పరీక్షించండి. ఈ రెండూ కాదని తేలిన తర్వాతే కొత్త రకం దొరికిందేమో అన్న ఆలోచనతో అనుభవజ్ఞుడికి చూపించండి.